జర్మనీ బ్లాక్డ్ అకౌంట్ రివ్యూ: వీసాకు సరే, మొదటి నెలకూ పదమూడో నెలకూ ఏం చేయాలి?

జర్మనీకి మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు అక్కడ కాలు పెట్టకముందే డబ్బు కట్టి తీసుకునే మొదటి సర్వీసు బ్లాక్డ్ అకౌంట్. జర్మన్‌లో ష్పెర్‌కోంటో. అక్కడి జీవన ఖర్చులకు డబ్బుందని వీసాకు చూపే రుజువు ఇది. 11,904 యూరోలు అందులో వేస్తే తాళం పడుతుంది. అక్కడికి చేరాక నెలకు 992 చొప్పున పన్నెండు నెలలు వెనక్కి ఇస్తారు. 2024 సెప్టెంబరు 1కి ముందు ఇది 11,208, నెలకు 934 ఉండేది. పాత వీడియోల్లో ఇంకా ఆ అంకే వినిపిస్తుంది, పట్టించుకోకండి. డబ్బు పంపే రోజు కాన్సులేట్ పేజీలో ఉన్న అంకే లెక్క.

ఒకప్పుడు డాయిష్ బ్యాంక్ ఈ అకౌంట్లు తెరిచేది, 2022లో మానేసింది. ఇప్పుడు ఫింటిబా, ఎక్స్‌పాట్రియో, కోరాకిల్ లాంటి ఆన్‌లైన్ కంపెనీలు నడుపుతున్నాయి. ప్రారంభ రుసుము, నెలనెలా రుసుము కలిపితే కంపెనీని బట్టి ఏడాదికి దాదాపు 100 నుంచి 150 యూరోలు పోతాయి. ఏడాదంతా అక్కడే పడి ఉన్న సొమ్ముకు వడ్డీ మీద ఆశ పెట్టుకోకండి. ఏ కంపెనీ మంచిదని అందరూ అడుగుతారు గానీ, వాటి మధ్య తేడా యాభై యూరోలకు మించదు. అసలు నష్టాలు వేరే చోట జరుగుతాయి.

ముందు, ఇది ఎవరికి అక్కర్లేదో చూద్దాం. పూర్తి స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లకు అక్కర్లేదు. జర్మన్ విద్యా మార్పిడి సంస్థ డాడ్ ఇచ్చే మాస్టర్స్ స్కాలర్‌షిప్ 2024 అక్టోబరు నుంచి నెలకు 992 యూరోలు, అంటే సరిగ్గా బ్లాక్డ్ అకౌంట్ ఇచ్చేంత. ఆ అవార్డు లెటరే వీసాకు ఆధారం. స్కాలర్‌షిప్ కొంత భాగానికే వస్తే ఆ మేరకు తగ్గించి మిగతాదే బ్లాక్ చేయొచ్చు: నెలకు 300 వస్తుందనుకుంటే 692 పన్నెండుసార్లు, 8,304 యూరోలు. లెటర్‌లో నెలకు ఎంత, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది స్పష్టంగా ఉండాలి. 'ఫీజు మినహాయింపు' అని మాత్రమే రాసి ఉంటే దాన్ని జీవన ఖర్చుల కింద లెక్కేయరు.

తెలంగాణ వాళ్లకు ఒక మాట. అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాల్లో 20 లక్షల దాకా ఇస్తారు. కానీ అది రెండు విడతల్లో, మొదటి విడత కూడా అక్కడ దిగిన రుజువు చూపాకే వస్తుంది. కాబట్టి వీసా వేళకు ఆ డబ్బు చేతిలో ఉండదు. బ్లాక్ చేయాల్సిన సొమ్ము లోనో, అప్పో, పొలమో ఏదో ఒకటి ముందు కదిలించాల్సిందే. నిధి వచ్చాక ఆ అప్పు తీర్చుకోవడం.

ఇండియా నుంచి పంపేటప్పుడే సగం తప్పులు జరుగుతాయి. ముందుగా మారకం రేటు. బ్యాంకు చెప్పే రేటుకూ, మార్కెట్ రేటుకూ యూరో మీద ఒక్క రూపాయి తేడా ఉంటే 11,904 రూపాయలు పోయినట్టే. అకౌంట్ కంపెనీల మధ్య యాభై యూరోల తేడా కోసం వారం రోజులు వెతికినవాళ్లు ఇక్కడ రెండు రూపాయల తేడాను కన్నెత్తి చూడరు. కనీసం మూడు చోట్ల రేటు అడగండి, ఒకే రోజు, ఒకే గంటలో. చిన్న ఊళ్లలో ప్రతి బ్రాంచీ ఈ పని చేయదు. విదేశీ మారకం చూసే బ్రాంచి ఏదో ముందు కనుక్కుని వెళ్లండి.

రెండోది ఏ2 ఫారం, విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో నింపేది. చదువు ఖర్చులకు పర్పస్ కోడ్ ఎస్0305. కౌంటర్ మీద కూర్చున్న మనిషి తెలియక వేరే కోడ్ రాస్తే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను, 20 శాతం రేటులోకి వెళ్లిపోతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో పంపినదాంట్లో 10 లక్షలు దాటిన భాగానికే టీసీఎస్. యూరో వంద రూపాయలు వేసుకున్నా 11,904 యూరోలంటే 11.9 లక్షలు, అంటే పరిమితి దాటుతుంది. గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యారుణంతో పంపితే టీసీఎస్ లేదు. సొంత డబ్బయితే, ఈ పరిమితి పంపేవాళ్ల పాన్‌ను బట్టి కాబట్టి, నాన్న పేరున కొంత, అమ్మ పేరున కొంత పంపొచ్చు. ఇద్దరు పంపినా ఒప్పుకుంటారా అని కంపెనీకి ముందే మెయిల్ పెట్టి, రెండు విడతలకూ ఒకే రిఫరెన్సు నంబరు రాయించండి. కట్టిన టీసీఎస్ ఎక్కడికీ పోదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది. అయితే అది కట్టినవాళ్ల పాన్‌లోనే కనిపిస్తుంది, విద్యార్థి పాన్‌లో వెతికితే దొరకదు.

మూడోది ఇరవై యూరోల గొడవ. బ్యాంకుల అంతర్జాతీయ నెట్‌వర్క్ స్విఫ్ట్‌లో వెళ్లే డబ్బు మధ్యలో ఇంకో బ్యాంకు చేయి దాటుతుంది, ఆ బ్యాంకు తన చార్జీ తీసుకుంటుంది. అక్కడ 11,884 పడితే బ్లాకింగ్ సర్టిఫికెట్ రాదు. అది లేకపోతే వీసా ఫైలు కదలదు, మళ్లీ ఇరవై యూరోలు పంపడానికి ఇంకో చార్జీ, ఇంకో నాలుగు రోజులు. అందుకే చార్జీలన్నీ పంపేవాళ్లవే అన్న 'అవర్' ఆప్షన్ టిక్ చేయించండి, పైన 80 నుంచి 100 యూరోలు అదనంగా వేయండి. మిగిలినది తర్వాత మన చేతికే వస్తుంది.

వీసా రాకపోతే? డబ్బు తిరిగొస్తుంది, కానీ తిరస్కరణ లెటర్ చూపాలి, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ అకౌంటుకే వెళ్తుంది. వచ్చేటప్పుడు మళ్లీ మారకం రేటు కోత. తాళం ఉద్దేశమే అది కాబట్టి మధ్యలో అవసరం పడి ఒక్కసారిగా తీయడం కుదరదు. దానికి అక్కడి విదేశీయుల కార్యాలయం అనుమతి కావాలి.

ఇక దిగాక. బ్లాక్డ్ అకౌంట్ అంటే ఏటీఎం కార్డున్న అకౌంటనుకుని వచ్చేవాళ్లు చాలామంది. కాదు. నెలనెలా 992 పడటానికి అక్కడ మామూలు కరెంటు అకౌంటు, జీరోకోంటో, వేరే తెరవాలి. ఆ అకౌంటుకు చాలా బ్యాంకులు అడ్రసు నమోదు కాగితం అడుగుతాయి. ఆ నమోదుకు ఇంటి యజమాని సంతకం చేసిన వోనుంగ్స్‌గేబర్ పత్రం కావాలి. అది కావాలంటే ముందు ఇల్లు దొరకాలి. ఇల్లు దొరకాలంటే అడ్వాన్సు కట్టాలి. అడ్వాన్సుకు డబ్బు తాళంలో ఉంది! ఈ గొలుసు తెగడానికి నాలుగైదు వారాలు సులువుగా పడుతుంది. ఫారెక్స్ కార్డులో 1,500 నుంచి 2,000 యూరోలు విడిగా పెట్టుకుని వెళ్లండి. ఈ లెక్క ఏ కంపెనీ ప్రకటనలోనూ ఉండదు, ఈ సర్వీసులో మాకు నచ్చనిది ఇదే.

అడ్వాన్సు గురించి ఒక చట్టం గుర్తుపెట్టుకోండి. జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షన్ ప్రకారం డిపాజిట్ మూడు నెలల అసలు అద్దెను మించకూడదు. అసలు అద్దె అంటే హీటింగు, నీళ్ల ఖర్చులు కలపనిది. దాన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవాళ్లకు ఉంది. ఇంటి తాళాలు చేతికివ్వకముందే మొత్తం ఒకేసారి పంపమనే వాళ్లకు, గది చూపకుండా డబ్బడిగేవాళ్లకు ఒక్క సెంటు కూడా పంపొద్దు.

తర్వాత పోస్టుడబ్బా. నవ్వకండి, ఇది చాలా పెద్ద విషయం. జర్మనీలో పోస్టుమాన్ ఫ్లాటు నంబరు చూడడు, డబ్బా మీద ఇంటిపేరు చూస్తాడు. ఇల్లు చేరిన రెండు వారాల్లో నమోదు చేసుకుంటే ట్యాక్స్ ఐడీ, బ్యాంకు పిన్, ఇన్సూరెన్సు కార్డు అన్నీ పోస్టులోనే వస్తాయి. డబ్బా మీద 'సాయి' అని చీటీ అంటించి, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో 'కొండపల్లి' ఉంటే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. మన పేర్లలో ఏది ఇంటిపేరో వాళ్లకు తెలియదు, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏది ఉంటే అదే వాళ్లకు ఇంటిపేరు. ఆ పేరు అక్షరం పొల్లుపోకుండా రాసి, తడవకుండా టేపు వేయండి. ట్యాక్స్ ఐడీ రాక ముందే ఉద్యోగంలో చేరితే, అది ఇవ్వనివాళ్లకు జీతం ఆరో ట్యాక్స్ క్లాసులో లెక్కేయొచ్చు. ఆ క్లాసులో కోత మొదటి యూరో నుంచే ఉంటుంది. తర్వాత సవరించుకోవచ్చు గానీ, మొదటి నెల జీతం మాత్రం చిన్నబోతుంది.

992 సరిపోతుందా అంటే ఊరిని బట్టి. మాగ్డెబర్గ్‌లోనో కెమ్నిట్స్‌లోనో సరిపోతుంది. మ్యూనిక్‌లో గదికే సగానికి పైగా పోతుంది. తప్పని ఖర్చుల్లో పెద్దది హెల్త్ ఇన్సూరెన్సు. ప్రభుత్వ బీమా స్టూడెంట్ రేటు నెలకు దాదాపు 145 యూరోలు, ముప్పై ఏళ్ల లోపు వాళ్లకు. ఆ తర్వాత ప్రభుత్వ రేడియో, టీవీ చానళ్ల కోసం అందరూ కట్టే రేడియో ఫీజు, నెలకు 18.36 యూరోలు. ఇది మనిషికి కాదు, ఇంటికి. ముగ్గురు కలిసి ఉంటే తలకు 6.12 పడుతుంది. ఒకరి పేరున కడుతూ, మిగతావాళ్లకు ఉత్తరం వచ్చినప్పుడు ఆ కట్టే నంబరు రాసి పంపాలి. పట్టించుకోకపోతే ముగ్గురికీ విడివిడిగా బిల్లులొస్తాయి. టీవీ లేదన్న వాదన అక్కడ చెల్లదు. ఆటో డెబిట్ పడే రోజు అకౌంటులో డబ్బు లేకపోతే అది వెనక్కి వెళ్లి పైన జరిమానా పడుతుంది. అందుకే అద్దె, బీమా డెబిట్ తేదీలు 992 పడే తేదీ తర్వాతికి మార్పించుకోండి.

పార్ట్‌టైమ్. 2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 అర రోజులు పనిచేయొచ్చు. అంతకుముందు 120, 240. నాలుగు గంటల దాకా అర రోజు. లేదంటే వారాన్ని బట్టి లెక్క: ఇరవై గంటలు మించని వారానికి రెండున్నర రోజులు. రెంటిలో ఏది లాభమైతే అదే వర్తిస్తుంది. ఏడాదంతా వారానికి ఇరవై గంటలు చేసినా 52 వారాలకు 130 రోజులే, పరిమితిలోపే. యూనివర్సిటీలో హీవీగా, అంటే ప్రొఫెసర్ దగ్గర అసిస్టెంటుగా చేసే పని ఈ లెక్కలోకే రాదు. అందుకే దొరికితే ముందు అదే పట్టండి.

2026 జనవరి 1 నుంచి కనీస వేతనం గంటకు 13.90, మినీజాబ్ (తక్కువ జీతం చిన్న ఉద్యోగం) పరిమితి నెలకు 603 యూరోలు, అంటే నెలకు దాదాపు 43 గంటలు. మినీజాబ్‌లో పెన్షన్ కోత 3.6 శాతం ఉంటుంది, చేరేటప్పుడే వద్దని రాసిస్తే పోతుంది. ఆ ఫారం చాలామందికి ఇవ్వరు, అడిగి తీసుకోవాలి. వెర్క్‌స్టూడెంట్‌గా, అంటే చదువుకుంటూ కంపెనీలో పార్ట్‌టైమ్ చేసే విద్యార్థిగా, వారానికి ఇరవై గంటలైతే కనీస వేతనంతోనే నెలకు దాదాపు 1,200 వస్తుంది, పెన్షన్ 9.3 శాతం పోతుంది, బీమా స్టూడెంట్ రేటులోనే ఉంటుంది. సెమిస్టర్ నడుస్తుండగా ఇరవై దాటితే ఆ రేటు పోతుంది. 2026లో ఆదాయపు పన్ను లేని మొత్తం ఏడాదికి 12,348. పొరపాటున కోసినది జర్మన్ పన్ను శాఖ వెబ్‌సైట్ ఎల్‌స్టర్‌లో రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు.

డాడ్ స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లు ఉద్యోగానికి ముందు అనుమతి తీసుకోవాలి. డాయిష్‌లాండ్ స్టిపెండియం అనే స్కాలర్‌షిప్ నెలకు 300 యూరోలు, సగం ప్రభుత్వం, సగం దాతలు ఇస్తారు. దానికి ఆదాయంతో సంబంధం లేదు, ఉద్యోగం చేస్తున్నా ఇస్తారు. మొదటి సెమిస్టర్ మార్కులు రాగానే అప్లై చేయండి. సొంత వ్యాపారిగా నమోదు చేసుకోమనే డెలివరీ యాప్‌ల జోలికి పోవద్దు, స్టూడెంట్ పర్మిట్‌లో స్వయం ఉపాధికి విడిగా అనుమతి కావాలి. సగం స్లిప్పు మీద, సగం చేతికిస్తామనే రెస్టారెంట్ పనులూ అంతే. ఇప్పుడు చేతికొచ్చిన నగదు పదమూడో నెలలో ఎక్కడా చూపించలేరు.

ఎందుకంటే పన్నెండో నెల 992 పడ్డాక అకౌంటు ఖాళీ, సరిగ్గా అప్పుడే రెసిడెన్స్ పర్మిట్ పొడిగింపు. విదేశీయుల కార్యాలయం మళ్లీ నెలకు 992 చూపమంటుంది. అప్పుడు మూడు దారులు: మళ్లీ బ్లాక్ చేయడం, స్కాలర్‌షిప్ లెటర్, లేదా కాంట్రాక్టుతో పాటు కొన్ని నెలల జీతం స్లిప్పులు. 300 స్టిపెండియం ఉంటే మిగతా 692కి వెర్క్‌స్టూడెంట్ స్లిప్పులు సునాయాసంగా సరిపోతాయి. కాంట్రాక్టు రెండు నెలల్లో ముగిసేదైతే అధికారి ఒప్పుకోకపోవచ్చు, అందుకే పొడిగింపుకు వెళ్లేముందు కాంట్రాక్టును పొడిగించుకోండి. రెండోసారీ బ్లాకే చేయాల్సి వస్తే ఈసారి ఇండియా నుంచి తెప్పించక్కర్లేదు, జర్మన్ అకౌంటు నుంచే పంపొచ్చు. మారకం కోత ఉండదు, 'అవర్' గొడవా ఉండదు.