జెండా కనిపించే చానెలా, జెండా దాచే చానెలా: ఏది మేలు?

కావలి నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. రెండు న్యూస్ చానెళ్ల నుంచి పిలుపు వచ్చిందట. ఒకటి ఏ పార్టీదో ట్రంక్ రోడ్డులో ఆటో తోలేవాడిని అడిగినా చెబుతాడు. రెండోది తనకు ఏ పార్టీతోనూ సంబంధం లేదని గంటకోసారి స్క్రోలింగ్ వేసుకుంటుంది. జీతాల్లో పెద్ద తేడా లేదు. "యాడ చేరమంటావు మామా?" అన్నాడు.

నన్నే అడగడానికి కారణం ఉంది. ఎనిమిదేళ్లు కనిగిరిలో ఒక చానెల్‌కి స్ట్రింగర్‌గా, అంటే ఉద్యోగి కాని ఊరి విలేకరిగా పనిచేశాను. ఇప్పుడు ఒంగోలు కర్నూలు రోడ్డులో జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. అక్కడి నుంచి ఇక్కడికి ఎట్టా వచ్చానో మా ఇళ్లలో అందరికీ తెలిసిన కతే.

ఆ పూట ఏదో తోచింది చెప్పి ఫోన్ పెట్టేశాను. రాత్రి కూర్చుని ఆలోచిస్తే వాడు రెండు ప్రశ్నలు కలిపి ఒక్కటిగా అడిగాడనిపించింది. చానెల్ ఎవరి వైపు మొగ్గుతుంది అన్నది ఒకటి. ఆ మొగ్గు విషయంలో తన దగ్గర పనిచేసేవాళ్లని ఎట్టా అదుపులో పెడుతుంది, గీత దాటితే ఏం చేస్తుంది అన్నది ఇంకొకటి. టీవీ చూసేవాడికి మొదటిది చాలు. ఉద్యోగానికి పోయేవాడికి రెండోదే అసలు సంగతి. మన దగ్గర దాని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అదంతా ఫోన్లలోనే మొదలై ఫోన్లలోనే ముగుస్తుంది. అమెరికాలో అయితే ఇలాంటివి బయటపడతాయి, కాబట్టి కాసేపు అటు పోయి వద్దాం.

2010 నవంబరు. ఎంఎస్‌ఎన్‌బీసీలో (ఈ మధ్యే ఎంఎస్ నౌ అని పేరు మార్చుకుంది) కీత్ ఓల్బర్‌మన్ అని పేరున్న యాంకర్ ఉండేవాడు. డెమోక్రాట్ల వైపు మాట్లాడతాడని దేశమంతా ఎరుగు, ఆయనా దాచుకోలేదు. ఆ ఎన్నికల్లో ముగ్గురు డెమోక్రాట్ అభ్యర్థులకు తలా 2,400 డాలర్ల చందా ఇచ్చాడు. చట్టప్రకారం తప్పు లేదు. కానీ చందా ఇచ్చే ముందు అనుమతి తీసుకోవాలని ఎన్‌బీసీ వార్తా విభాగంలో రాసిపెట్టిన నియమం ఉంది. ఆయన అడగలేదు. జీతం లేకుండా, ఎన్నాళ్లో చెప్పకుండా సస్పెండ్ చేశారు. అభిమానులు 2 లక్షలకు పైగా సంతకాలు సేకరించారు. రెండు కార్యక్రమాలు తప్పిపోయాక మళ్లీ తెర మీదికి వచ్చాడు.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఉన్న మాట వాస్తవమే. రోజూ గంటసేపు ఒక పార్టీని ఉతికి ఆరేస్తే ఎవరూ ఏమీ అనరు, జేబులోంచి చందా తీస్తే మాత్రం శిక్ష. నేనూ మొదట అట్నే నవ్వుకున్నాను. తర్వాత జరిగింది చూశాక నవ్వు తగ్గింది. అదే నెలలో అదే చానెల్లో పొద్దున కార్యక్రమం చేసే జో స్కార్‌బరో కూడా 500 డాలర్ల చొప్పున కొన్ని చందాలు ఇచ్చినట్టు తేలింది. ఈయన రిపబ్లికన్ పార్టీ తరఫున ఒకప్పుడు ప్రతినిధుల సభకు గెలిచినవాడు. ఈయన్నీ రెండు రోజులు సస్పెండ్ చేశారు. అంటే నియమం వింతగా ఉన్నా ఇద్దరి మీదా పడింది. ఎందుకు పడిందో ఇద్దరికీ తెలుసు, శిక్ష అయ్యాక ఇద్దరికీ కుర్చీ మిగిలింది.

ఇక జెండా ఎత్తి పట్టుకున్న రకం చూద్దాం. ఫాక్స్ న్యూస్. అదే 2010లో దాని మాతృసంస్థ న్యూస్ కార్ప్ రిపబ్లికన్ గవర్నర్ల సంఘానికి ఏకంగా 10 లక్షల డాలర్లు ఇచ్చింది. 2018 నవంబరులో మిస్సోరీలో ట్రంప్ సభ జరుగుతుంటే ఫాక్స్ యాంకర్ షాన్ హానిటీ వేదిక ఎక్కి మాట్లాడాడు. చానెల్ కాస్త నొచ్చుకున్నట్టు ఒక ప్రకటన ఇచ్చి, విషయం పరిష్కరించుకున్నాం అంది. సస్పెన్షన్ లేదు. మా మేనల్లుడి లాంటివాడికి ఇది హాయిగా కనిపిస్తుంది. నీ పక్షం నువ్వు పట్టుకో, ఎవరూ ఏమీ అనరు.

అనరనుకుంటే పొరపాటు. 2020 ఎన్నికల రాత్రి అరిజోనా బైడెన్‌దేనని మిగతా చానెళ్ల కంటే ముందు చెప్పింది ఫాక్స్ లెక్కల బృందమే. ఆ లెక్క సరైనదే. కానీ చూసేవాళ్లకు మండింది, పోటీ చానెళ్ల వైపు తిరిగారు. ఆ ప్రకటనను తెర మీద సమర్థించి మాట్లాడిన రాజకీయ విభాగం ఎడిటర్ క్రిస్ స్టైర్‌వాల్ట్ 2021 జనవరిలో ఇంటికి పోయాడు. సంస్థ దాన్ని పునర్వ్యవస్థీకరణ అంది. ఇంకోపక్క, ఓటింగ్ యంత్రాల మీద అబద్ధాలు ప్రసారం చేసినందుకు డొమినియన్ కంపెనీ దావా వేస్తే, తెర మీద వచ్చిన ఆ మాటల్ని చానెల్ లోపలివాళ్లే తమలో తాము కొట్టిపారేసుకున్నారని కోర్టు కాగితాల్లో బయటపడింది. 2023 ఏప్రిల్‌లో 78 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి రాజీ పడ్డారు. అది జరిగిన వారంలోపే వాళ్ల అతి పెద్ద యాంకర్ టక్కర్ కార్ల్‌సన్‌ను కూడా సాగనంపారు. కారణం చెప్పలేదు.

కాబట్టి జెండా చానెల్లో క్రమశిక్షణ లేదని కాదు. ఉంటుంది, రాసి ఉండదు. నిజం చెప్పి ప్రేక్షకుడికి కోపం తెప్పిస్తే పడుతుంది.

ఇప్పుడు మన ఊళ్లోకి వద్దాం. సాక్షి టీవీ జగన్ కుటుంబానిదని ఎవరూ దాచలేదు. ఈనాడు, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి, టీవీ5 తెలుగుదేశం వైపు అని జగన్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ప్రతి సభలోనూ దుష్టచతుష్టయం అంటూ ఏకరువు పెట్టేవారు. మా షాపు పక్కన టీ కొట్టులో అయితే రిమోట్ ఎవరి చేతిలో ఉందో చూసి ఆ పూట వార్తలేమిటో చెప్పొచ్చు. ఈ అలవాటు వల్ల ప్రేక్షకుడికి పెద్ద నష్టం లేదనే నా లెక్క. ఇటుది పది నిమిషాలు, అటుది పది నిమిషాలు చూసి మధ్యలో గీత గీసుకుంటాడు. పల్లెల్లో ముసలివాళ్లకు కూడా ఈ లెక్క వచ్చు.

పక్షం పట్టడమే పాపమని నేను అననుగాక అనను. నెల్లూరు నుంచి నెల్లూరు వెంకట్రామానాయుడు నడిపిన వారపత్రిక పేరే 'జమీన్ రైతు'. వెంకటగిరి జమీందారుకీ రైతుకీ గొడవైతే ఆ పత్రిక ఎటు నిలబడుతుందో పేరు చదివితేనే తెలిసిపోయేది. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించినప్పుడు ఈనాడు ఆ వార్తను వార్తలా వదిలేయలేదు, ఉద్యమంగా భుజానికెత్తుకుంది. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది. (తర్వాత అదీ పోయిందనుకోండి, అది వేరే కత.) ఆనాడు సారా కాంట్రాక్టర్లు తప్ప మా వైపు ఎవరూ దాన్ని పక్షపాతం అనలేదు.

మరి పనిచేసేవాడి సంగతి? జెండా చానెల్లో మొదటి ఇబ్బంది ఊళ్లోనే ఎదురవుతుంది. మైకుకు తగిలించిన ఆ చానెల్ లోగో చూడగానే అవతలి పార్టీ ప్రెస్‌మీట్‌లో మైకు పక్కకు తోస్తారు. రెండోది ప్రభుత్వం మారిన రోజు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే ఆంధ్రాలో చాలాచోట్ల కేబుల్‌లో సాక్షి, టీవీ9, ఎన్‌టీవీ, 10టీవీ కనబడకుండా పోయాయి. పదేళ్ల ముందు 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్‌లకు అదే గతి పట్టింది. చానెల్ ఆగితే యజమాని కోర్టుకు పోతాడు. జిల్లాలో కెమెరా పట్టుకున్నవాడు కొత్త పని వెతుక్కుంటాడు. మూడోది ఇంకా బరువైనది. 2025 జూన్‌లో సాక్షి చర్చలో ఒక అతిథి అమరావతి ఆడవాళ్ల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడితే, చర్చ నడిపిన కొమ్మినేని శ్రీనివాసరావును కూడా అరెస్టు చేశారు. నాలుగు రోజులకు సుప్రీంకోర్టు విడుదల చేయమంది. అతిథి మాటకు యాంకర్ నవ్వినంత మాత్రాన నేరంలో భాగస్వామి అయిపోడని అంది. అతిథి మాట వెగటుగా ఉంది, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. నేను చెప్పేది ఒకటే, జెండా యజమానిది, కేసు పడేది కుర్చీలో ఉన్నవాడి మీద.

జెండా దాచే చానెల్లో ఈ మూడూ తక్కువే. రెండు పార్టీల వాళ్లూ బైట్ (కెమెరా ముందు రెండు మాటలు) ఇస్తారు, కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు. అందుకే ఎనిమిదేళ్లు నేను హాయిగా తిరిగాను. అక్కడ దెబ్బ వేరే దిక్కు నుంచి వస్తుంది.

2014 ఏప్రిల్, ఎన్నికల వేడి. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్, ఎండాకాలం వస్తే ట్యాంకర్లే దిక్కు. ఒక ఊరికి ట్యాంకర్ రాకపోయినా వచ్చినట్టు ట్రిప్పులు రాసి బిల్లులు పెడుతున్నారని జనం చెప్పారు. బైట్లు తీసుకున్నాను, ఎండిన డ్రమ్ముల విజువల్స్ తీసి పంపాను. సాయంత్రం బులెటిన్‌లో వచ్చింది. మర్నాడు పొద్దున బ్యూరో నుంచి ఫోన్. "లోగో ఆఫీసులో ఇచ్చేసి పో." ఎందుకు సార్ అంటే, "పైనుంచి చెప్పారు" అన్నాడు. అంతే. మెమో అందుకోవాలన్నా ముందు ఉద్యోగి అయి ఉండాలి గదా, స్ట్రింగర్‌కి ఇచ్చేది లోగో, తీసుకునేదీ లోగోనే.

ఇది విని నన్ను వీరుడిని చేయొద్దు. ట్యాంకర్ల లాగ్‌బుక్ ఫొటోలు నా చేతిలో పెట్టింది అవతలి పార్టీ మనిషి. నెల ముందు ఉగాదికి నాకు యాడ్ ఇచ్చిందీ ఆయనే (చానెల్‌కి యాడ్‌లు తెచ్చే పని కూడా మాదే). స్టోరీ నిజమే, కానీ అది నా దగ్గరికి ఏ దారిన వచ్చిందో డెస్క్‌కి చెప్పలేదు. అది తప్పే. అలాంటివి ముందే చెప్పాలని ఒక్క వాక్యం ఎక్కడైనా రాసి ఉంటే, పది రోజులు పక్కన కూర్చోమన్నా తలదించుకుని కూర్చునేవాణ్ణి. సరిగ్గా అదే వారం మా చానెల్‌కే పనిచేసే పక్క మండలం స్ట్రింగర్ ఒక అభ్యర్థి ప్రచారం జీపులో లోగో పట్టుకుని ఊరేగాడు. అతన్ని పల్లెత్తు మాట అనలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. జెండా లేదని స్క్రోలింగ్ వేసే చోట పెద్ద కష్టం ఇదే. ఏ అభ్యర్థి జీపు ఎక్కవచ్చో, ఎవరి ట్యాంకర్ జోలికి పోకూడదో తెలిసేది లోగో పోయాకే.

బయటి నుంచి ఏమైనా రక్షణ ఉందా అంటే, పేరుకు ఉంది. చానెళ్లు తమకు తాము పెట్టుకున్న ప్రమాణాల సంస్థ వేయగలిగిన జరిమానా లక్ష రూపాయల దగ్గరే ఆగిపోయిందని, అది ఏ మూలకని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అడిగింది. అదైనా చానెల్ మీద వేసేది, పనివాడిని కాపాడేది కాదు. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పత్రికల వాళ్ల కోసం రాసింది. కొత్త లేబర్ కోడ్‌లో ఎలక్ట్రానిక్ మీడియా అనే మాట చేరింది, 2025 నవంబరు నుంచి అమల్లో ఉంది కూడా. కానీ దాన్ని పట్టుకుని అడగాలంటే చేతిలో అపాయింట్‌మెంట్ లెటర్ ఉండాలి. మండల స్థాయిలో లెటర్ ఉన్న చానెల్ మనిషిని నేను ఒక్కణ్ణీ చూడలేదు.

ఏది మేలంటే నా మాట ఇది. రాసిపెట్టిన నియమం ఉన్న చానెల్ అన్నిటికంటే మేలు, దానికి జెండా ఉన్నా లేకున్నా. ఆ నియమం ఓల్బర్‌మన్ చందా నియమంలా కొంచెం తిక్కగా ఉన్నా ఫర్వాలేదు. అలాంటిది దొరకనప్పుడు, ఈ రెంట్లో జెండా కనిపించేదే నయం. అక్కడ గోడ ఎక్కడుందో కనబడుతుంది. తల కొట్టుకుంటే అది మన తప్పు. జెండా దాచే చానెల్లో గోడ చీకట్లో ఉంటుంది. ఇంట్లో అప్పులుండి, ప్రభుత్వం మారితే ఆర్నెల్లు జీతం లేకుండా ఆగలేనివాడు మాత్రం నా మాట వినొద్దు, రెండోదాంట్లోనే చేరాలి. మా అక్క ఇంటి పరిస్థితి అంత బిగువుగా లేదు కాబట్టి వాడికి మొదటిదే చెప్పాను. చేరే ముందు రెండు చోట్లా ఒకటే అడగమన్నాను. ఏం చేస్తే తీసేస్తారో కాగితం మీద ఇస్తారా అని.

అడిగాడు. స్క్రోలింగ్ చానెల్ ఆయన నవ్వి, "మనలో మనకు కాగితాలెందుకు తమ్ముడూ" అన్నాడట. జెండా చానెల్ వాళ్లు రెండు పేజీల లెటర్ పంపారు. వాట్సాప్‌లో నాకు పెట్టాడు. సంస్థ విధానాలకు విరుద్ధంగా నడుచుకుంటే తొలగిస్తామని ఆరో పాయింట్‌లో ఉంది. ఆ విధానాలేమిటో రెండు పేజీల్లో ఎక్కడా లేదు. అయినా కాగితం కాగితమే, సంతకం పెట్టమన్నాను.

సోమవారం నెల్లూరు బ్యూరోలో చేరాడు. సాయంత్రం ఫోన్ చేసి లోగో ఇచ్చారని, బైకుకు ప్రెస్ స్టిక్కర్ కూడా ఇచ్చారని మురిసిపోయాడు.

"యాడ్ టార్గెట్ సంగతి ఏమన్నా చెప్పార్రా?" అన్నాను.

"ఆగస్టు పదిహేనుకి లక్షన్నర అంట మామా. మీ కనిగిరిలో ఎవరన్నా తెలిసినోళ్లు ఉన్నారా?"