రాత్రి సీన్లకు 12 వోల్టుల ఎల్ఈడీ కిట్టు: రెండేళ్లు వాడాక

స్టాప్ మోషన్ (బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫొటో, అంటే ఫ్రేము, తీసి సినిమాగా కలపడం) బొమ్మల కోసం బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరికే సరుకుతో కట్టిన కిట్టు ఇది. మీటరుకు 9.6 వాట్ల 2835 (ఇది చిప్పు సైజు) ఎల్ఈడీ స్ట్రిప్పు మూడు మీటర్లు, మీన్‌వెల్ ఎల్ఆర్ఎస్-50-12 ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటును 12 వోల్టులకి మార్చే పెట్టె, 4.2 ఆంపియర్లు), గుండ్రటి నాబ్ ఉన్న మామూలు డిమ్మర్. నాలుగడుగుల బల్ల మీద పరిచిన సెట్‌కి సరిపోతుంది. ఆకాశం తెరకి, ఇళ్ల లోపలి వెలుగుకి భేషు. చంద్రుడికి మాత్రం పనికిరాదు.

ఎందుకంటే మీటరులో 120 ఎల్ఈడీలుంటే ఒక్కోటీ ఒక్కో నీడ వేస్తుంది. బొమ్మ చెయ్యెత్తగానే నేల మీద దువ్వెన పళ్లు పడతాయి. బటర్ పేపర్ అడ్డం పెడితే నీడలు కలిసిపోతాయి గానీ, వెన్నెల కాస్తా మబ్బు పట్టిన పగలైపోతుంది. పండు వెన్నెల్లో నీడ ఒక్కటే, అంచు తెగినట్టుండాలి. అందుకు హీట్ సింక్ మీద బిగించిన 3 వాట్ల ఒంటి ఎల్ఈడీ, 700 మిల్లీ ఆంపియర్ల కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ (కరెంటు మారకుండా చూసేది) విడిగా కొనాల్సిందే. దాన్ని బొమ్మకి వెనక, ఒక పక్కగా, ఎత్తులో పెట్టాలి. దూరం కూడా ముఖ్యమే: లైటు ఒక మీటరు దూరంలో ఉంటే, బొమ్మ దాన్నుంచి మరో 30 సెంటీమీటర్లు దూరంగా నడిచేసరికి వెలుగు ముప్పావు స్టాపు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమైనట్టు) పడిపోతుంది. రెండు మీటర్లలో ఉంటే ఆ తేడా 0.4 స్టాపే. చంద్రుడు నాలుగడుగులకే మసకబారడు కదా!

రంగు సంగతికొస్తే, కూల్ వైట్ అని అమ్మేది దాదాపు 6500 కెల్విన్. కెమెరా వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగును తెలుపుగా చూడాలో చెప్పే సెట్టింగు) 3200 దగ్గర పెడితే నీలిమందు కలిపినట్టుంటుంది. 4000 నుంచి 4300 మధ్య కంటికి నప్పుతుంది. కిటికీలో దీపానికి వార్మ్ వైట్ చిన్న ఎల్ఈడీ ఒకటి, 470 ఓముల రెసిస్టరుతో అదే 12 వోల్టులకి కలిపితే చాలు. రాత్రి కదా అని ఎక్స్‌పోజర్ తగ్గించి తీయకండి, తర్వాత కాస్త లేపినా నల్లటి చోట్ల నాయిస్ చీమల్లా పాకుతుంది. రా ఫైలులో (కెమెరా కుదించని ఫొటో), ఐఎస్ఓ 100, ఎఫ్/8 పెట్టి, కావలసినదానికంటే ఒక స్టాపు ఎక్కువ వెలుగుతో తీసి గ్రేడింగులో (తర్వాత కంప్యూటర్లో రంగూ వెలుగూ దిద్దేటప్పుడు) దించాలి.

ఈ కిట్టులో నిజంగా మెచ్చుకోవలసింది ఎస్ఎంపీఎస్. అపార్ట్‌మెంట్‌లో సంపు మోటారు వేసినప్పుడు వోల్టేజీ పడితే హాలోజెన్ వెలుగు వెంటనే తగ్గుతుంది, ఫ్రేముల మధ్య అది మినుకులా కనబడుతుంది. ఎస్ఎంపీఎస్ మాత్రం 12 వోల్టుల్ని కదలనివ్వదు. దాని 230 వోల్టుల స్క్రూలు బయటికే ఉంటాయి, మూత వేసి ఎర్త్ కలపడం తప్పనిసరి.

డిమ్మర్‌ది వేరే గోల. అది వెలుగును సెకనుకు వందల సార్లు ఆర్పి వెలిగిస్తుంది. షట్టర్ 1/50 సెకనే తెరుచుకుంటే, ఎన్నిసార్లు వెలిగిందన్న లెక్క ఒక ఫ్రేముకీ మరో ఫ్రేముకీ కుదరదు. అర సెకను, ఆపైన షట్టర్ పెడితే ఆ తేడా కలిసిపోతుంది. లైవ్ వ్యూలో (కెమెరా తెర మీద నేరుగా చూసేటప్పుడు) చారలు కనబడ్డా ఫొటోలో రావు. ఇంకా మినుకు ఉంటే లైటును తిట్టేముందు లెన్సును చూడండి: ఆటో లెన్సులో అపెర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) రేకులు ప్రతిసారీ ఒకేచోట మూసుకోవు. రింగు తిప్పగానే రేకులు అక్కడే నిలిచిపోయే పాత మాన్యువల్ లెన్సు వాడితే ఆ బాధే ఉండదు.

ఎల్ఈడీ వేడెక్కేకొద్దీ వెలుగు కొద్దిగా తగ్గుతుంది, కాబట్టి మొదటి ఫ్రేముకి అరగంట ముందే వెలిగించి ఉంచాలి. మూడు మీటర్లకీ ఒక్క చివర నుంచే కరెంటిస్తే రెండో చివర మసకేస్తుంది, మీటరు మీటరుకీ విడిగా తీగ లాగాలి.

రెండేళ్లలో పాడైంది స్ట్రిప్పు కాదు, దాని చుట్టూ ఉన్నవి. నొక్కే క్లిప్ కనెక్టర్లు వదులై మినుకు మొదలైంది, సోల్డరింగ్ చేశాక పోయింది. వెనక జిగురు వేడికి ఊడి, షాట్ మధ్యలోనే స్ట్రిప్పు వేలాడింది. అల్యూమినియం చానెల్‌లో బిగిస్తే అటు పట్టూ ఉంటుంది, ఇటు వేడీ దిగుతుంది. డిమ్మర్ నాబ్‌కి మాత్రం షాట్ మొదలవగానే టేపు వేసేయండి, మోచెయ్యి తగిలిందంటే పొద్దుటి నుంచి తీసిన ఫ్రేములన్నీ మళ్లీ తీయాలి.