గ్రంథాలయంలో వెనక గది: నాలుగు స్టార్లు

ముందే చెబుతున్నా, నవలల కోసం, వారపత్రికల కోసం వెళ్ళేవాళ్ళకి ఈ రివ్యూ పనికిరాదు. నేను వెళ్ళేది వెనక గదికి. అక్కడ రెండు బీరువాల్లో లోక్‌సభ చర్చల పాత సంపుటాలున్నాయి, అట్టలు కట్టినవి. గ్రంథాలయం పేరూ ఊరి పేరూ రాయను. లోపాలు కూడా చెప్పాలి కదా, అక్కడ పనిచేసే అమ్మాయికి మాట రావడం నాకిష్టం లేదు. మా వైపు వాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

నేను కృష్ణా డెల్టాలో కొమ్మమూరు కాలువ మీద లస్కరుగా చేరి వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ముప్ఫై రెండేళ్ళు షట్టర్లు ఎత్తించడం, దించడం, గేజి చూసి పుస్తకంలో రాయడం, రాత్రిళ్ళు కాలువకి అడ్డకట్ట వేసినవాళ్ళతో తగువు పడటం, ఇదే నా ఉద్యోగం. నీళ్ళు ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నది నా కళ్ళముందే తేలేది. అదే నీటి గురించి ఢిల్లీలో ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఒక్క ముక్క చదివిన పాపాన పోలేదు. మనవడు గ్రూప్స్‌కి చదువుతూ రోజంతా ఆ గ్రంథాలయంలోనే కూర్చుంటాడు. ఒకరోజు వాడికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, వాన పట్టుకుంటే వెనక గదిలో కూర్చున్నాను. అలా మొదలైంది. ఇప్పటికి ఏడాదిన్నర.

సంపుటాలు ఇంగ్లీషులో ఉంటాయి. హిందీలో మాట్లాడినవాళ్ళ ప్రసంగం హిందీలోనే అచ్చు వేశారు, అక్కడ నా బండి ఆగిపోతుంది. ఇంగ్లీషయినా నాది నిఘంటువు పక్కన పెట్టుకుని నడిచే చదువు, గంటకి నాలుగు పేజీలు. తెలుగులో మాట్లాడటానికి అవకాశం లేదా అనుకున్నాను. ఉందట. హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ సరిగ్గా చెప్పలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడేందుకు స్పీకరు అనుమతి ఇవ్వచ్చని రాజ్యాంగం 120వ అధికరణంలో రాసి ఉంది. మనవడే చూపించాడు.

నేను వెతికింది రంగాగారి ప్రసంగాలు. ఆచార్య ఎన్.జి. రంగా నిడుబ్రోలు మనిషి, మాకు దూరం కాదు. మా నాన్న ఆయన సభలకి నడిచి వెళ్ళేవాడు. చిన్నప్పుడు విన్నదల్లా ‘రైతు నాయకుడు’ అన్న మాట ఒక్కటే. అసలు ఆయన దేనికి పోట్లాడాడో ఈ వయసులో ఈ గదిలో తెలిసింది. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయం అని తీర్మానం చేస్తే, ఆయన అది ఒప్పుకోక పార్టీ వదిలేసి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. రైతు తన చేను తను దున్నుకోవాలి, గట్లు చెరిపి అందరిదీ ఒకటి చేస్తే వాడు తన పొలంలో తనే కూలివాడవుతాడు, ఇదీ ఆయన వాదన. ఈ ముక్క మా నాన్న కూడా అనేవాడు, ఆయన మాటల్లో. అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఇప్పుడర్థమైంది.

1964లో 17వ రాజ్యాంగ సవరణ. రంగాగారూ ఆయన పార్టీ దాన్ని గట్టిగా ఎదిరించారు. ‘ఎస్టేటు’ అన్న మాట కిందకి రైత్వారీ భూముల్ని కూడా తెచ్చిన సవరణ అది. ఎస్టేటు అంటే జమీందారుదని కదా మనం అనుకుంటాం. మా నాన్న మూడెకరాలకి పట్టా ఉంది, శిస్తు నేరుగా సర్కారుకే కట్టేవాడు. అలాంటి భూమి కూడా ఆ మాట కిందకి వస్తుందంటే రైతుకి గుండెల్లో రాయి పడదా? అయితే అదే సవరణలో ఇంకో వాక్యం కూడా ఉంది. సొంత సాగులో ఉండి, సీలింగు పరిమితి, అంటే ఒకరి కింద ఇంతకి మించి ఉండకూడదని చట్టం పెట్టిన హద్దు, దాని లోపల ఉన్న భూమిని మార్కెట్ ధరకి తగ్గకుండా పరిహారం ఇవ్వకుండా తీసుకోకూడదని. ఆ వాక్యం నేను మూడుసార్లు చదివాను. భూసేకరణ అనగానే మా ఊళ్ళో జరిగే గొడవంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే కదా.

రంగాగారి మీద నాకొక అసంతృప్తి ఉంది, ఎవరైనా కోప్పడితే పడండి. భూమి గురించి, ధర గురించి ఆయన వాదన ఎంత పదునుగా ఉందో, నీళ్ళ గురించి అంత పదును నాకు కనబడలేదు, ఈ బీరువాల్లో నా కంట పడినంతలో. డెల్టాలో పుట్టినవాళ్ళకి కాలువ అంటే సూర్యోదయం లాంటిది, వస్తుంది అనుకుంటారు. కాలువ మీద ఉద్యోగం చేస్తే తెలుస్తుంది అది ఎలా వస్తుందో.

ఆ లోటు తీర్చింది కె.ఎల్. రావుగారు. కంకిపాడులో పుట్టిన ఇంజనీరు, విజయవాడ ఎంపీ, నీటిపారుదల, విద్యుత్తు శాఖకి కేంద్రమంత్రి. గంగని కావేరితో కలపాలని 1972లో ఆయన పెట్టిన ప్రతిపాదన పేరు అందరూ విన్నదే. అంకెలు ఎవరూ చెప్పరు. పాట్నా దగ్గర నుంచి 60,000 క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్ళు, ఏడాదికి 150 రోజులు, 2,640 కిలోమీటర్ల పొడవున. నాకు అలవాటు కాబట్టి అక్కడే చీటీ మీద లెక్క వేశాను. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ, వంద కోట్ల ఘనపుటడుగులు. అంటే రోజుకి 5 టీఎంసీల పైచిలుకు, 150 రోజులకి సుమారు 778. కృష్ణా నీళ్ళని రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి ఇచ్చిందే 800. ఇంకో కృష్ణని మోటార్లతో ఎత్తిపోసి దక్షిణానికి నడిపిద్దామన్నాడు ఆ మహానుభావుడు! కరెంటు ఎక్కడ్నుంచి అని అడిగినవాళ్ళదీ తప్పు కాదు. ఖర్చు మోయలేమని పక్కన పెట్టేశారు. చీటీ నా జేబులోనే ఉంది.

ప్రశ్నోత్తరాలు చదివితే ఒక సంగతి తేటపడుతుంది. నీరు రాష్ట్రాల జాబితాలో 17వ అంశం. రెండు మూడు రాష్ట్రాల మీదుగా పారే నదుల నియంత్రణ కేంద్రం జాబితాలో 56వ అంశం. తగువొస్తే 262వ అధికరణం, 1956 నాటి అంతర్రాష్ట్ర జలవివాదాల చట్టం, ట్రిబ్యునలు. కాబట్టి చివరి భూములకి నీళ్ళు అందలేదని ఎంపీ ఢిల్లీలో అడిగితే, మంత్రి అది రాష్ట్రం చూసుకోవాల్సిన పని అనచ్చు, అబద్ధమూ కాదు. లాకు దగ్గర మేం చెప్పే జవాబూ అలాగే ఉండేది, ‘పైనుంచి వదలలేదండీ’ అని. అదీ అబద్ధం కాదు. ఒక టీఎంసీ అంటే దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతు నీరు. సభలో ఆ అంకె పలకడానికి ఒక్క క్షణం చాలు. మా కాలువ చివర నారుమడి ఎండిపోతున్నవాడికి కావలసింది అడుగు కూడా కాదు, రెండంగుళాలు. అంత చిన్న అంకె ఆ పుస్తకాల్లో ఎక్కడా నాకు దొరకలేదు.

ఇక సేవ సంగతి. అమ్మాయి మంచిది, ‘తాతగారూ, ఇదిగో’ అని అడిగిన సంపుటం తెచ్చి ఇస్తుంది. హిందీ పేజీలు వస్తే సాయంత్రం వచ్చే ఒక హిందీ పండితుడికి చూపించి అర్థం చెప్పించింది, రెండుసార్లు. జెరాక్సు పేజీకి రెండు రూపాయలు. అయితే ఒకే ఫ్యాను, అది కూడా హాలు వైపు తిరిగి ఉంటుంది. కొన్ని సంపుటాలకి విషయసూచిక పేజీలు చెదలు తినేశాయి, ఏ తేదీన ఎవరు మాట్లాడారో తెలియాలంటే మొత్తం తిరగెయ్యాలి. మధ్యలో నాలుగైదు లేవు. ఇంటికి ఇవ్వరు. కుర్చీలన్నీ పరీక్షల పిల్లలవే, పదింటికల్లా పుస్తకం పెట్టి ఆపేస్తారు. నేను స్టూలు మీద కూర్చుంటా, నడుం పట్టేస్తుంది. ఒక స్టారు అందుకే తగ్గించాను.

పిల్లల మీద నాకు కోపం లేదు. ఒకడు నా చీటీ చూసి, క్యూసెక్కు అంటే ఎంత తాతగారూ అన్నాడు. సెకనుకి ఘనపుటడుగు అని వాడికి తెలుసు, పుస్తకంలో ఉంది. ఎంత అన్నదే తెలీదు. బయటికి తీసుకెళ్ళి గ్రంథాలయం పక్కనున్న పంట బోదె చూపించి, ఇది నిండుగా పారితే ఒకటీ ఒకటిన్నర ఉంటుందిరా అన్నాను. వాడు అక్కడే నిలబడి చాలాసేపు చూశాడు.

వెళ్ళదలిచినవాళ్ళు నాలుగు దాటాక వెళ్ళండి, ఎండ తగ్గుతుంది. భూతద్దం తీసుకెళ్ళండి, అక్షరం చిన్నది. 1964 సంపుటాలు పై అరలో వెతక్కండి. నాకు అందడం లేదని ఆ అమ్మాయి కింది అరలోకి దించింది.