నాసిక్ వైన్ టూర్ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఒకసారి చదవండి

పుణెలో ఉండే మనవాళ్లకు ముఖ్యంగా చెబుతున్నాను. లాంగ్ వీకెండ్ వస్తే చాలు, ‘నాసిక్ వైన్ టూర్, రెండు రోజులు, అన్నీ కలిపి’ అంటూ వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లు తిరుగుతుంటాయి. అలాంటి ఒక ప్యాకేజీలో మా నాలుగు కుటుంబాల డబ్బు పోయింది.

పోస్టర్ ప్రకారం మొదటి రోజు రెండు వైనరీల్లో టేస్టింగ్, ద్రాక్ష తొక్కే ఆట, సాయంత్రం గంగాపూర్ డ్యామ్. రెండో రోజు త్ర్యంబకేశ్వర్ దర్శనం, పాండవ్‌లేణి గుహలు. ఆ మొదటి రోజు ఆగస్టు 15. మహారాష్ట్రలో అది డ్రై డే, ఏ వైనరీలోనూ చుక్క పోయరు. మాలో ఒకరు బుకింగ్ అప్పుడే ఈ మాట అడిగితే, ‘వైనరీలకు ఆ రూల్ వర్తించదు సర్, మాకు స్పెషల్ పర్మిషన్ ఉంది’ అని టూర్ ఆపరేటర్ మెసేజ్ పెట్టాడు. తీరా గేటు దగ్గరికి వెళ్తే అక్కడి స్టాఫ్ మమ్మల్ని చూసి నవ్వారు. మా పేరు మీద బుకింగే లేదు. ఫోన్ చేస్తే, ‘గవర్నమెంట్ రూల్ కదా, మేమేం చేస్తాం’ అన్నాడు. రీఫండ్ మాటెత్తగానే ఫోన్ పెట్టేశాడు.

ఇక ద్రాక్ష తొక్కడం. నాసిక్ తోటల్లో ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్ ప్రాంతంలో ఒకసారి కొమ్మలు కత్తిరిస్తారు. కాపు వచ్చేది ఆ రెండో కత్తిరింపు తర్వాతే, కోతలు జనవరి నుంచి మార్చి దాకా. ఆగస్టులో ఆకులు తప్ప గుత్తులుండవు. వానాకాలంలో ఆ కొండలు, పచ్చదనం చూడటానికి నిజంగా బాగుంటాయి, కాదనను. కానీ వానాకాలం ప్యాకేజీలో ద్రాక్ష తొక్కిస్తామని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి.

కారు సంగతి ఇంకా ఘోరం. వచ్చింది తెల్ల నంబర్ ప్లేట్ బండి. అద్దెకు తిప్పే బండికి పసుపు ప్లేట్ ఉండాలి. సొంత బండిని కిరాయికి తిప్పుతుంటే, యాక్సిడెంట్ జరిగినప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. పిల్లలతో వెళ్లేవాళ్లు బండి నంబర్ ముందే అడిగి, బండి వివరాలు చూపించే ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో చూసుకోండి. పోస్టర్‌లో ‘నాలుగు గంటల ప్రయాణం’ అన్నదీ నమ్మకండి. దూరం సుమారు 210 కిలోమీటర్లే, కానీ సెలవు రోజు పొద్దున పుణె దగ్గరి చాకణ్ ట్రాఫిక్ దాటేసరికే ప్రాణం విసిగిపోతుంది.

త్ర్యంబకేశ్వర్‌లో ‘వీఐపీ దర్శనం’ పేరుతో మనిషికి ఇంత అని విడిగా వసూలు చేశారు. తీరా చూస్తే అది దేవస్థానం వాళ్లే అమ్మే టికెట్, కౌంటర్ ధర మా దగ్గర తీసుకున్నదాంట్లో చిన్న భాగం. శ్రావణంలో అక్కడ క్యూ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఎవరైనా ఆ రద్దీని ముందే చెబుతారు. మా ఆపరేటర్ చెప్పలేదు. మధ్యాహ్నమంతా అక్కడే పోయింది. ‘ఉత్త గుహలే కదా, వాటిలో ఏముంది’ అంటూ డ్రైవర్ పాండవ్‌లేణి ఎగ్గొట్టేశాడు. నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది ఇక్కడే. గౌతమీ బాలశ్రీ తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని పొగుడుతూ వేయించిన నాసిక్ శాసనం ఆ గుహల్లోనే ఉంది. స్కూల్లో చదువుకున్న శాసనం కళ్లారా చూద్దామనే మా మామగారు ఈ ట్రిప్‌కి వచ్చారు, ఆయనకు వైన్‌తో పనే లేదు.

వెళ్లాలనుకుంటే వైనరీ టేస్టింగ్ స్లాట్ నేరుగా వాళ్ల దగ్గరే మీ పేరున బుక్ చేసుకోండి. ఏజెంట్ ద్వారానే వెళ్తే వైనరీ పేరు, బుకింగ్ నంబర్ అడిగి, వైనరీకే ఫోన్ చేసి కనుక్కోండి. 21 ఏళ్లు నిండనివాళ్లకు అక్కడ వైన్ పోయరు, వాళ్ల టేస్టింగ్ డబ్బు కూడా మీ ప్యాకేజీలో కలిపారేమో చూడండి. హైదరాబాద్‌కు బాటిళ్లు తెచ్చుకుందామనుకునేవాళ్లకు ఇంకో మాట: పక్క రాష్ట్రం మద్యం దొరికితే తెలంగాణ ఎక్సైజ్ వాళ్లు రైళ్లలో కూడా పట్టుకుంటున్నారు.

మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. పేమెంట్ వివరాలు, ‘స్పెషల్ పర్మిషన్’ మెసేజ్ స్క్రీన్‌షాట్లు జత చేశాం, ఇంకా తేలలేదు. ఈలోగా అదే ఆపరేటర్ అక్టోబర్ 2 సెలవుకి కొత్త పోస్టర్ వదిలాడు. మొదటి రోజు రెండు వైనరీలు, అన్‌లిమిటెడ్ టేస్టింగ్ అట. గాంధీ జయంతి కూడా డ్రై డేనే.