సింగపూర్‌లో కాపురం: ఇన్నేళ్ళ తర్వాత నా సమీక్ష

పిల్లలతో సింగపూర్ రావచ్చా అని చుట్టాలు, మా వారి పాత ఆఫీసు స్నేహితులు అడుగుతూనే ఉంటారు. మేం 2014 నుంచి ఇక్కడే ఉన్నాం. రోజువారీ జీవితం వరకు చూస్తే ఇంత నిశ్చింతగా సంసారం చేసుకోగలిగే ఊరు ఆసియాలో మరొకటి ఉంటుందని నేననుకోను. అయితే ఇక్కడ అద్దె, స్కూలు ఫీజుల కన్నా బరువైన ఖర్చు ఒకటుంది. మనం మనసిచ్చి దగ్గర చేసుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతూ ఉంటారు. వచ్చేముందు ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు మంచి చెప్తాను. మేముండేది జురాంగ్ వైపు హెచ్‌డీబీ ఫ్లాట్‌లో, అంటే ప్రభుత్వం కట్టించిన ఇల్లు. ఈ దేశంలో ఎక్కువమంది ఉండేది వీటిలోనే. త్రీ రూమ్ అని ప్రకటనలో ఉంటే రెండు బెడ్‌రూమ్‌లు, ఒక హాలు అని లెక్కేసుకోండి. ఒకే జాతివాళ్ళు ఒకేచోట గుమిగూడకుండా 1989 నుంచి బ్లాకులవారీగా కోటాలు ఉన్నాయి. అద్దెకుండే విదేశీయులకు కూడా విడిగా ఒక పరిమితి ఉంది. దానివల్ల మా వరండాలో ఒకవైపు చైనీస్ ఆంటీ, మరోవైపు మలయ్ కుటుంబం. రంజాన్ పండక్కి వాళ్ళింటి నుంచి స్వీట్ల డబ్బా వస్తుంది, దీపావళికి మా ఇంటి నుంచి అరిసెలు వెళ్తాయి. బ్లాకు కింద ఖాళీగా వదిలిన వాయిడ్ డెక్‌లో ఒక వారం మలయ్ పెళ్ళి జరుగుతుంది, మరో వారం చైనీస్ పెద్దాయన పార్థివదేహం ఉంచి రాత్రుళ్ళు జాగారం చేస్తారు. మా పిల్లలు ఆ రెండింటినీ చూస్తూ పెరిగారు. అది వాళ్ళకు మంచిదే అని నా నమ్మకం.

అన్నిటికన్నా నాకు విలువైంది పిల్లల స్వేచ్ఛ. మా అమ్మాయి మూడో తరగతి నుంచి సిటీ బస్సులో ఒక్కతే స్కూలుకి వెళ్ళొస్తోంది. కార్డు ట్యాప్ చేసి ఎక్కుతుంది, దిగాక వర్షం పడుతున్నా పైకప్పున్న నడకదారిలో తడవకుండా ఇంటికి చేరుతుంది. ఆడపిల్ల సాయంత్రం ఆరున్నరకు ఇంటికి రాలేదంటే టెన్షన్ పడకుండా, "లైబ్రరీలో ఉండి ఉంటుందిలే" అనుకోగలగడం ఒక తల్లికి ఎంత పెద్ద విషయమో ఆడపిల్లల తల్లులకు చెప్పక్కర్లేదు.

సరుకులకు లోటు లేదు. టెక్కా మార్కెట్‌లో కరివేపాకు, మునక్కాడలు, పండగలకు మామిడాకులు అన్నీ ఉంటాయి. సెరంగూన్ రోడ్డులోని పెరుమాళ్ గుడి మాకు తిరుపతి లాంటిదే.

భాష దగ్గర మాత్రం ఇబ్బంది. ప్రభుత్వ బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది. మన దేశపు భాషల్లో హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు, తెలుగు లేదు. మా పిల్లలిద్దరూ హిందీ తీసుకున్నారు. తెలుగు బతికేది ఇంట్లో మన నోటి మీద, ఉగాదికి కలిసే తెలుగువాళ్ళ మధ్య. 1975 నుంచి సింగపూర్ తెలుగు సమాజం ఉండబట్టి ఆ కాస్త అయినా నిలిచింది. తెలుగులో గలగలా మాట్లాడే కుటుంబం ఒకటి బ్లాకులో ఉంటే ఎంత బలమో, అది ఖాళీ చేసి వెళ్ళాక తెలుస్తుంది.

ఈ వెళ్ళిపోవడాలకు ఎవరి ఇష్టాయిష్టాలతోనూ పనిలేని కారణాలున్నాయి. మొదటిది వీసా. ఇంటాయన ఈపీ మీద, అంటే విదేశీ ఉద్యోగికి ఇచ్చే వర్క్ పాస్ మీద ఉంటే, భార్యాపిల్లలు దానికి అతుక్కున్న డీపీ అనే కుటుంబ పాస్ మీద ఉంటారు. ఆయన ఉద్యోగం పోయి ఈపీ రద్దయితే అందరివీ రద్దవుతాయి. తర్వాత మామూలుగా దొరికేది 30 రోజులు. ఆ నెలలోనే కొత్త ఉద్యోగం వెతకాలి, ఇల్లు ఖాళీ చేయాలి, పిల్లల టీసీలు తెచ్చుకోవాలి. రెండోది మగపిల్లలు. తల్లిదండ్రుల ద్వారా పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు వచ్చిన అబ్బాయిలు పదహారున్నర ఏళ్ళకు పేరు నమోదు చేసుకుని, 18 దాటాక 2 ఏళ్ళు సైనిక సేవ చేయాలి. అందుకు సిద్ధపడి హాయిగా ఉన్నవాళ్ళున్నారు, వద్దనుకుని పీఆర్‌కే పెట్టనివాళ్ళూ ఉన్నారు. మూడోది, ఊళ్ళో అమ్మానాన్నలు పెద్దవాళ్ళవడం. ఈ మూడో కారణంతో వెళ్ళేవాళ్ళ ముందు ఆపే మాట ఒక్కటీ దొరకదు.

పై అంతస్తులో ఉండే ఒక అక్క వెళ్ళిన రోజులు నాకు బాగా గుర్తు. వెళ్ళే ఇంటికి ఒక క్రమం ఉంటుంది. విదేశీ ఉద్యోగి మానేస్తుంటే కంపెనీ కనీసం నెల ముందు పన్ను శాఖకు ఐఆర్21 ఫారం పంపి, లెక్క తేలేదాకా రావాల్సిన జీతం ఆపి ఉంచుతుంది. కాబట్టి చివరి నెల చేతిలో డబ్బు ఆడదు, ముందే దాచుకోవాలి. ఏసీలు కడిగించాలి, గోడల మేకుల గుర్తులు పూడ్పించాలి, లేకపోతే డిపాజిట్‌లో కోత పడుతుంది. అక్క ఇవన్నీ చేసుకుంటూనే వంటింటి అల్మరా ఖాళీ చేసింది. సగం వాడిన మినప్పప్పు డబ్బా, ఇంగువ, ఊరి నుంచి తెచ్చిన ఆవకాయలో అడుగున మిగిలింది, అన్నీ మా ఇంటికే వచ్చాయి. వాటితో పాటు గ్రైండర్. అది అక్క కొన్నది కూడా కాదు, అంతకు ముందు వెళ్ళిన వాళ్ళు ఇచ్చింది. ఇక్కడి చదరపు పిన్నుల ప్లగ్ వేయించి ఉంది, మూత పగిలితే స్టీలు పళ్ళెం పెట్టి వాడేవారు. నేను బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెడితే ఆవిడ "గిన్నెలో నీళ్ళు ముందు పోయమ్మా, లేకపోతే రాయి తిరగదు" అంది. ఇద్దరం ఏడ్చాం. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇడ్లీ పిండి అందులోనే.

పెద్దవాళ్ళం ఫోన్లలోనైనా బంధం నిలుపుకుంటాం. పిల్లలకు అది కుదరదు. బ్లాకు కింద ఆడుకునే జట్టులోంచి ఒకరు వెళ్ళిపోయారంటే ఆట ఆగిపోతుంది. మా అబ్బాయి తన ప్రాణస్నేహితుడు వెళ్ళిపోయాక చాలాకాలం కొత్తవాళ్ళతో కలవలేదు. "వీళ్ళు కూడా వెళ్తారు కదమ్మా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వెళ్ళే రోజు పిల్లలకు ముందే చెప్పడం, ఇద్దరినీ కలిపి ఒక పూట వాళ్ళిష్టమైన చోటికి తీసుకెళ్ళడం మాకు కాస్త పనిచేసింది. చెప్పకుండా దాటవేసిన ఇళ్ళలో పిల్లలు ఎక్కువ బెంగపెట్టుకోవడం చూశాను. స్కూలు సెలవులొచ్చే జూన్, డిసెంబర్ నెలల్లో ఈ వీడ్కోళ్ళు ఎక్కువ. మన సిలబస్ బడుల వాళ్ళయితే మార్చిలో.

ఇక ఊరి నుంచి వచ్చి వెళ్ళే పెద్దల సంగతి. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణమే కాబట్టి వాళ్ళు రాగలరు. అమెరికాతో పోలిస్తే ఇది పెద్ద వరం. చాంగీ విమానాశ్రయంలో సాగనంపడం కూడా సుఖంగా ఉంటుంది. శంషాబాద్‌లో ప్రయాణం చేయనివాళ్ళని టెర్మినల్ లోపలికి రానివ్వరు, బయటే కారు వెనక హారన్ల మధ్య కాళ్ళకు దండం పెట్టేసుకోవాలి. ఇక్కడ చెకిన్ దాకా పక్కనే నడవచ్చు, ఇమిగ్రేషన్ ద్వారం ముందు వరకు అత్తయ్య చేయి పట్టుకుని వెళ్ళొచ్చు. మందుల సంచీ మరోసారి సర్దిపెట్టొచ్చు.

అంత దగ్గరనుకున్న ఊరు 2021లో కోవిడ్ వల్ల దూరమైపోయింది. ఏప్రిల్ చివర్లో ఇండియా నుంచి వచ్చేవారికి ఇక్కడ తలుపులు మూశారు, పాస్ ఉన్నవాళ్ళు కూడా తిరిగి రాలేరు. అక్టోబర్ చివరిదాకా అంతే. మా మామగారు ఆ మధ్యలోనే పోయారు. వెళితే ఉద్యోగం, పిల్లలు ఇక్కడ, తిరిగి ఎప్పుడు రానిస్తారో తెలియదు. మా వారు హాల్లో ఫోన్ ముందు కూర్చుని తండ్రి అంత్యక్రియలు చూశారు. తమ్ముడు తలకొరివి పెట్టాడు. పక్కింటి చైనీస్ ఆంటీ సంగతి తెలిసి, ఏమీ అడగకుండా గంజి వండి గిన్నెతో తెచ్చి పెట్టింది. పరాయి దేశంలో ఉండటం అంటే ఇదీ ఉంటుంది, దీన్ని లెక్కలో వేసుకోకుండా ఎవరూ రావద్దు.

నా అభిప్రాయం అడిగితే, పదేళ్ళలోపు పిల్లలున్నవాళ్ళు ధైర్యంగా రండి. ఇద్దరూ ఉద్యోగం చేయాలనుకుంటే ముందే ఆలోచించుకోండి. 2021 మే నుంచి డీపీ మీద ఉన్నవాళ్ళు ఉద్యోగానికి సొంతంగా వర్క్ పాస్ తెచ్చుకోవాలి. అమ్మానాన్నల్ని దగ్గర పెట్టుకోవాలనుకునేవాళ్ళు జీతం మాట్లాడుకునే రోజే ఆ లెక్క వేసుకోండి. వాళ్ళకు లాంగ్ టర్మ్ పాస్, అంటే ఎక్కువకాలం ఇక్కడ ఉండనిచ్చే పాస్ రావాలంటే ఈపీ ఉన్నవారి జీతం నెలకు కనీసం 12,000 సింగపూర్ డాలర్లుండాలి. అంత లేకపోతే వాళ్ళు విజిట్ మీద వచ్చి వెళ్ళాల్సిందే. అలాగైతే ఏడాదికోసారి పిల్లల సెలవుల్లో రప్పించండి, మీ సెలవులు కూడా అప్పటికే దాచిపెట్టుకోండి.