సుబారు ఇంజన్ వేసిన పాత వానగన్: ఏళ్ల తరబడి వాడాక

మాది 1987 ఫోక్స్‌వ్యాగన్ వానగన్ క్యాంపర్, అంటే లోపలే పడుకుని వండుకునే వీలున్న వ్యాన్. ఇప్పుడు అందులో ఉన్నది 1994 సుబారు లెగసీ కారు 2.2 లీటర్ల ఇంజన్. మార్పించి చాలా ఏళ్లయింది. కాలిఫోర్నియాలో రోజూ సరుకులకు వెళ్లినా, సెలవుల్లో పిల్లలతో సియెర్రా కొండలెక్కినా ఇదే బండి. ఇలా ఇంజన్ మార్పించుకోవాలనుకునేవాళ్లు, మార్చిన బండి కొనబోయేవాళ్లు కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి.

ఇంజన్ మాత్రం బంగారం. వానగన్‌తో వచ్చిన 2.1 లీటర్ల ఇంజన్ ఇక్కడ 100 హార్స్‌పవర్ కూడా లేదు. మంచం, స్టవ్, సింక్ మోసే బండికి అది చాలదు. లెగసీది 130. లాస్ ఏంజెలెస్ ఉత్తరాన గ్రేప్‌వైన్ ఎత్తులో లారీల వెనక పాకే బాధ తప్పింది. రెండూ సిలిండర్లు పడుకుని ఉండే ఇంజన్లే కనుక వెనక గదిలో బాగానే ఇముడుతుంది. టైమింగ్ బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ పాడవదు.

చిక్కులన్నీ ఇంజన్ బండితో కలిసే చోటే.

అన్నిటికంటే ఏడిపించింది కూలింగ్. వానగన్‌లో రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక, మధ్యలో బండి కింద పొడవాటి పైపులు. కూలెంట్ మార్చినప్పుడల్లా ముందు భాగం జాకీతో లేపి, రేడియేటర్ పైనున్న స్క్రూ వదులు చేసి గాలి తీయాలి. అంతవరకు పాత ఇంజన్‌తోనూ ఉన్నదే. సుబారుతో కొత్తగా వచ్చేది థర్మోస్టాట్ గొడవ. థర్మోస్టాట్ అంటే వేడి తగలగానే తెరుచుకుని రేడియేటర్ నీళ్లను ఇంజన్‌లోకి వదిలే వాల్వు. అది ఇంజన్ అడుగున, పంపులోకి నీళ్లు వెళ్లే వైపు ఉంటుంది. ఇంజన్‌లో కాగిన నీళ్లు కొన్ని ఎప్పుడూ తిరిగొచ్చి దాన్ని తాకుతుండాలి. అప్పుడే సమయానికి తెరుచుకుంటుంది. మా బండి చేసిన వర్క్‌షాపు ఆ నీళ్లను హీటర్ గుండా మాత్రమే తిప్పింది. వానగన్ హీటర్‌కు వాల్వు ఉంటుంది, ఎండాకాలం ఎవరైనా కట్టేస్తారు. కట్టగానే వేడి నీళ్ల దారి మూసుకుపోయేది. టెంపరేచర్ సూది పైకి లేచేది, ఉన్నట్టుండి పడిపోయేది. రేడియేటర్ మార్చారు, థర్మోస్టాట్ మార్చారు, ఫ్యాన్ స్విచ్ మార్చారు, డబ్బులు మావి. చివరకు సుబారులు మాత్రమే చూసే పెద్దాయన ఒకరు మండుటెండలో హీటర్ తెరిపించారు. సూది కుదురుగా నిలబడింది. హీటర్ కట్టేసినా వేడి నీళ్లు తిరిగేలా చిన్న గొట్టంతో బైపాస్ వేశారు, మళ్లీ ఆ సమస్య రాలేదు. మీ బండిలో బైపాస్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని అడగండి.

తర్వాతది వైరింగ్. బండి ఎంత వేగంతో వెళ్తోందో లెగసీ కంప్యూటర్‌కు తెలియాలి. వానగన్ స్పీడోమీటర్‌ను ఎడమ ముందు చక్రం నుంచి వచ్చే కేబుల్ తిప్పుతుంది, అందులో కరెంటు సిగ్నల్ ఏదీ లేదు. అందుకని స్పీడోమీటర్ వెనక సెన్సర్ ఒకటి అమర్చాలి. మాకూ అమర్చారు, కానీ వైరు అతుకు సరిగ్గా వేయలేదు. సిగ్నల్ తెగినప్పుడల్లా చెక్ ఇంజన్ లైటు, కోడ్ 33 (వేగం సిగ్నల్ అందలేదని కంప్యూటర్ చెప్పే నంబరు). ఆగడానికి స్లో చేస్తే ఇంజన్ ఆగిపోయేది. నాలుగు రోడ్ల కూడలిలో, వెనక సీట్లో పిల్లలు ఉండగా అలా జరిగితే ఎంత టెన్షనో!

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, అంటే ఆయిల్ పాన్, సుబారుది అలాగే ఉంచితే బండి అడుగు కంటే కిందికి వేలాడుతుంది. రాళ్ల రోడ్లకు వెళ్లేవాళ్లు పొట్టి పాన్ వేయించాల్సిందే. గేర్‌బాక్స్ మాత్రం అదే పాతది, పాత ఇంజన్ బలం కోసం చేసినది. కొత్త బలం చూసుకుని ఎత్తుల్లో టాప్ గేరులోనే తొక్కితే తొందరగా అరుగుతుంది. నేను గేరు తగ్గించే ఎక్కుతాను.

విడిభాగాల షాపులో వాటర్ పంపు కావాలంటే లెగసీ పేరు చెప్పాలి, బ్రేకులకైతే వానగన్. మధ్యలో వేసిన గొట్టాలు రెండిటివీ కావు. ఏ బండి గొట్టాన్ని కోసి పెట్టారో రాసివ్వకపోతే ఊరుగాని ఊళ్లో అది పగిలిన రోజున ఏ షాపువాళ్లూ సాయం చేయలేరు. వైరింగ్ బొమ్మ, గొట్టాల జాబితా చేతికొచ్చాకే చివరి చెల్లింపు ఇవ్వండి.

కాలిఫోర్నియాలో ఉంటే ఇంకొకటి. ఇంజన్ బండి కంటే పాత మోడల్ సంవత్సరానిది కాకూడదు. 1991 వ్యానులో 1990 ఇంజన్ చెల్లదు. ఆ ఇంజన్‌తో వచ్చిన పొగ నియంత్రణ సామానంతా ఉండాలి, స్మాగ్ రెఫరీ (ఇలా మార్చిన బండ్ల పొగ పరీక్షకు రాష్ట్రం పెట్టిన తనిఖీ కేంద్రం) చూసి లేబుల్ అంటించాలి. మార్చిన బండి కొనేటప్పుడు టెస్ట్ డ్రైవ్ కంటే ముందు ఆ లేబుల్ చూపించమనండి.