మొదటి వేసవి ఉద్యోగం: కౌంటరా, ఆఫీసా, ఎండలో పనా?

పరీక్షలు అయిపోయి సెలవులు మొదలవగానే పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్న ఇంట్లో ఈ ప్రశ్న వస్తుంది. ఏదో ఒక పనిలో చేరితే బాగుంటుంది, కానీ ఎందులో? మామూలుగా అందుబాటులో ఉండేవి నాలుగు దారులు: దుకాణంలో కౌంటర్ పని, ఆఫీసులో సాయంగా ఉండే పని, బయట ఎండలో చేసే పని, బంధువుల వ్యాపారంలో చేయి వేయడం. చాలామంది జీతం ఎక్కడ ఎక్కువో చూసి అటు వెళ్లిపోతారు. మొదటి ఉద్యోగానికి ఆ కొలత సరిపోదని నా గట్టి నమ్మకం. ముక్కూమొహం తెలియని మనిషికి జవాబు చెప్పాల్సిన పని ఏది, చేసిన తప్పు వెంటనే తెలిసేది ఎక్కడ అన్నది చూడాలి. ఆ లెక్కన నా ఓటు కౌంటర్‌కే.

ముందు ఆఫీసు సంగతి. అమ్మానాన్నల మొగ్గు ఎక్కువగా ఇటే ఉంటుంది. నీడపట్టున కూర్చుని చేసే పని, రేపు రెజ్యూమెలో రాసుకోవడానికి ఒక పేరు. రెండూ కాదనలేనివే. అయితే అక్కడ రోజు ఎలా గడుస్తుందో కూడా చూడాలి కదా. ఎవరి పనిలో వాళ్లు మునిగి ఉంటారు. సెలవులవగానే వెళ్లిపోయే మనిషికి కీలకమైన పని ఎవరూ అప్పజెప్పరు. పాత కాగితాలు స్కాన్ చేయడం, ఎక్సెల్‌లో పేర్లూ నంబర్లూ ఎక్కించడం, జిరాక్సులు తీయడం, అంతే. ఒక నంబరు తప్పు కొడితే అది ఎప్పుడో ఆడిట్‌లో బయటపడుతుంది. అప్పటికి మీరు మళ్లీ క్లాసులో ఉంటారు. తప్పు చేసినట్టే తెలియకపోతే దిద్దుకునేది ఎప్పుడు? పక్కన కూర్చోబెట్టుకుని చూపించే సీనియర్ ఉన్నారని ముందే తెలిస్తే మాత్రం మాట వేరు. అకౌంట్స్ చదవాలనుకునే అమ్మాయికి ఓపికున్న అకౌంటెంట్ దగ్గర గడిపే వేసవి చాలా విలువైనది. ‘జీతం లేదు, అనుభవం వస్తుంది’ అంటే మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: మీరు లేకపోతే ఆ పనికి ఇంకొకరిని జీతమిచ్చి పెట్టుకునేవారా? అవుననిపిస్తే ఆ జీతం మీకే రావాలి.

ఇక కౌంటర్. పొద్దున్నే గల్లాపెట్టెలో చిల్లర కోసం పెట్టిన డబ్బు లెక్కపెట్టి రాసుకోవడంతో రోజు మొదలవుతుంది. రాత్రి మూసేటప్పుడు పెట్టెలో ఉన్నదాంట్లోంచి ఆ మొత్తం తీసేస్తే మిగిలింది ఆ రోజు నగదు అమ్మకాలతో సరిపోవాలి. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. ఎక్కువ వచ్చిందంటే ఎవరికో చిల్లర తక్కువ ఇచ్చారని అర్థం. అనుభవమున్న క్యాషియర్ దగ్గర నిలబడి చూడండి. కొనుక్కునే మనిషి పెద్ద నోటు ఇస్తే దాన్ని వెంటనే పెట్టెలో పడేయరు. ఎంత ఇచ్చారో పైకి చెప్పి, నోటు బయటే కనబడేలా ఉంచి, చిల్లర చేతిలో పెట్టాకే లోపల వేస్తారు. ‘నేనిచ్చింది ఇంతకంటే పెద్ద నోటు’ అనే గొడవ పుట్టకుండా ఆపే పద్ధతి అది. బిల్లు మొత్తం దగ్గర మొదలుపెట్టి, వాళ్లిచ్చిన మొత్తం దాకా కలుపుకుంటూ లెక్కపెట్టి చిల్లర ఇవ్వడం ఇంకో అలవాటు. నాలుగైదు రోజుల్లో ఇవన్నీ చేతికి వచ్చేస్తాయి, తర్వాత ఎప్పటికీ పోవు.

డబ్బు కంటే మనుషులతో నెగ్గుకురావడం కష్టం, కౌంటర్ అసలు విలువ కూడా అక్కడే ఉంది. వాడేసిన వస్తువు తెచ్చి మార్చమంటారు. క్యూలో వెనకున్నవాళ్లు విసుక్కుంటారు. తెలియని సంగతి అడుగుతారు. అప్పుడు అబద్ధం చెప్పకుండా, బిక్కమొహం వేయకుండా ‘ఒక్క నిమిషం అండీ, కనుక్కుని చెప్తాను’ అనగలగడం పెద్ద విద్య. కాలేజీలో, రేపటి ఇంటర్వ్యూలో, ఆసుపత్రి రిసెప్షన్ దగ్గర, ఎక్కడైనా పనికొస్తుంది. బిడియమున్న పిల్లలకు ఇది పడదని కొందరంటారు. నేను ఒప్పుకోను. కౌంటర్ దగ్గర ఏం మాట్లాడాలో చాలావరకు ముందే తెలిసి ఉంటుంది, కాబట్టి నలుగురిలో కబుర్లు చెప్పలేని పిల్లలు కూడా ఇక్కడ త్వరగానే కుదురుకుంటారు. రద్దీ లేనప్పుడు అరలు సర్దే పని ఉంటుంది. పాత తేదీ సరుకు ముందుకు, కొత్తది వెనక్కి. ఇదంతా నిలబడి చేసేది కాబట్టి మొదటి వారం పిక్కలు పట్టేస్తాయి. అందంగా ఉండే బూట్లు పక్కన పెట్టి మెత్తటి అట్ట ఉన్నవి వేసుకోండి.

ఎండలో పని మీద నాకు గౌరవం ఎక్కువ. తోటల్లో కోతలు, పెయింటింగ్, నిర్మాణానికి సాయం, సామాను దింపడం. ఒంటికి సత్తువ, చేసిన పని కళ్లెదుట కనబడే తృప్తి వీటిలో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండవు. కానీ వేసవి కదా. ఎండదెబ్బ ఎక్కువగా కొట్టేది కొత్తవాళ్లనే. బయటి పనుల్లో వేడి వల్ల జరిగే మరణాల్లో సగానికి పైగా పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే జరుగుతున్నాయని అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా చెబుతోంది. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే కొత్తవాళ్లకు వేడిలో మొదటి రోజు మామూలు పనివేళలో 20 శాతానికి మించి పని ఇవ్వొద్దని, తర్వాత రోజుకు 20 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలని అక్కడ సలహా. నీళ్లు దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకో గ్లాసు తాగాలి. ‘మొదటి రోజే నీ సత్తా చూపించు’ అనే మేస్త్రి దగ్గర మీ పిల్లలను ఉంచకండి. నీడ, నీళ్లు, విరామం అడగకుండానే ఇచ్చేచోటైతే సంతోషంగా పంపండి.

బంధువుల వ్యాపారం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. భద్రంగా ఉంటుంది, ఇంట్లోవాళ్లకు నిశ్చింత. కానీ ఆలస్యంగా వెళ్తే బాబాయి నవ్వి ఊరుకుంటాడు, లేదంటే ఆ సాయంత్రానికే ఇంటికి ఫోన్ వస్తుంది. రెండూ ఉద్యోగం నేర్పేవి కావు. ఇంకే దారీ లేకపోతే అదే నయం, జీతం మాత్రం మొదటి రోజే తేల్చుకోవాలి.

ఏది ఎంచుకున్నా వయసు విషయం ముందు చూడండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం ప్రకారం పనికి కనీస వయసు మామూలుగా 15, ప్రమాదకరమైన పనులకు 18. దేశాన్ని బట్టి చట్టం ఇంకా కఠినంగా ఉండొచ్చు, రాత్రి వేళల మీద, యంత్రాల మీద విడిగా ఆంక్షలుండొచ్చు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డిపాజిట్ అడిగితే అక్కడి నుంచి వచ్చేయండి. ఉద్యోగాలు కుదిర్చే ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర రుసుము తీసుకోకూడదన్నది అదే సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలో మూల సూత్రం.

చేరేముందు అడగాల్సినవి అడగడానికి మొహమాటపడొద్దు. రోజుకు ఎన్ని గంటలు, మధ్యలో విరామం ఎంత, జీతం ఏ తేదీకి, పని నేర్పే రోజులకు కూడా ఇస్తారా, గల్లాలో లెక్క తగ్గితే జీతంలో కోస్తారా, రాత్రి ఆలస్యమైతే ఇంటికి ఎలా చేరాలి. చాలాచోట్ల ఇవన్నీ నోటిమాటగానే చెప్తారు. ఇంటికొచ్చాక వాటినే ఒక మెసేజ్‌లో వరసగా రాసి, ‘మీరు చెప్పినవి ఇవే కదా సార్, సరిచూడండి’ అని మేనేజర్‌కు పంపి, జవాబు వచ్చాకే పనిలో చేరండి.